కూతురు పట్నంలో, కార్డు పల్లెలో

మన జిల్లాలో విశాఖపట్నానికి మనిషిని పంపని ఊరు ఉన్నదంటే నమ్మడం కష్టం. ఇచ్ఛాపురం మొదలు రణస్థలం దాకా ఏ పల్లెలో ఆగి అడిగినా, కొడుకు తాపీ పనికి వెళ్ళాడనో, కూతుర్ని గాజువాకలో ఇచ్చామనో, మనవరాలు అక్కడే పుట్టిందనో చెబుతారు. వాన మీద ఆధారపడిన ఒక్క పంటతో ఏడాది గడవని ఇళ్ళు ఎప్పటినుంచో వలస పోతూనే ఉన్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినప్పుడు మరికొన్ని ఇళ్ళు మూట కట్టుకున్నాయి.

వెళ్ళినవారు ఎక్కడ ఉంటున్నారు? విశాఖలో కూలివాడికి అందుబాటు అద్దెకు గది దొరికేది ఎక్కువగా కొండవాలు పేటల్లోనే. ఆరిలోవ వైపు, కంచరపాలెం వైపు కొండల మీదికి ఇళ్ళు వరుస మీద వరుసగా ఎక్కిపోయాయి. రోడ్డు కిందనే ఆగిపోతుంది. అక్కడినుంచి మెట్లే. నీళ్ళ బిందెతో ఆ మెట్లు రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగే ఆడపిల్లకు నెల తప్పితే, ఆ తొమ్మిది నెలలూ ఆమెను చూస్తున్నదెవరు? ఈ ప్రశ్న పట్నం వాళ్ళ పేజీలో వేయవలసినదని కొందరు అనవచ్చు. కాని ఆ పిల్ల మన ఊరి పిల్ల. తొలి పురిటికి మన ఇంటికే వస్తుంది. కనుక ఇక్కడే అడుగుతున్నాము.

ప్రభుత్వాసుపత్రిలో పురుడు ఉచితమన్న సంగతి తెలియనివారు ఈ రోజుల్లో లేరు. అయితే ఆ ఉచితంలో ఏమేమి ఉన్నాయో వివరంగా తెలిసినవారు తక్కువ. 2011 జూన్ 1న దేశమంతటా ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం, సర్కారు ఆసుపత్రిలో పురుడు పోసుకునే ప్రతి స్త్రీకీ కాన్పు, అవసరమైతే ఆపరేషను, మందులు, సూదులు, రక్త మూత్ర పరీక్షలు, స్కానింగు, కావలసి వస్తే రక్తం ఎక్కించడం అంతా పైసా ఖర్చు లేకుండా జరగాలి. మామూలు కాన్పుకు 3 రోజులు, ఆపరేషను అయితే 7 రోజులు భోజనం పెట్టాలి. ఇంటినుంచి ఆసుపత్రికి, పెద్దాసుపత్రికి పంపితే అక్కడికి, చివరకు బాలింతను, బిడ్డను ఇంటికి చేర్చడానికి వాహనం ఉచితం. పుట్టిన బిడ్డకు జబ్బు చేస్తే ఆ వైద్యమూ అంతే. ఇందులో రేషను కార్డు ఉండాలన్న షరతు లేదు, స్వంత ఊరు అయి ఉండాలన్న షరతు అంతకన్నా లేదు. మన జిల్లా పిల్ల విశాఖలో నీళ్ళాడినా, విశాఖ కోడలు టెక్కలిలో నీళ్ళాడినా హక్కు ఒక్కటే.

డబ్బు సాయం కూడా ఉన్నది. 2005లో వచ్చిన జననీ సురక్షా యోజన కింద మన రాష్ట్రం వంటి చోట్ల పేద తల్లికి పల్లెలో అయితే 700 రూపాయలు, పట్నంలో అయితే 600 రూపాయలు అని నిర్ణయించారు. పట్నంలో బతుకు చవక అని ఎవరు లెక్క వేశారో తెలియదు! 2017లో మొదలైన మాతృ వందన యోజనలో తొలి కాన్పుకు 5,000 రూపాయలు, 2022 నుంచి రెండవ కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 రూపాయలు ఇస్తున్నారు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. తొలి కాన్పు సాయంలో మొదటి వాయిదా చేతికి రావాలంటే, నెల తప్పిన ఆరు నెలల లోపున పేరు నమోదై, ఒక్కసారైనా పరీక్ష జరిగి ఉండాలి. ఆ పరీక్ష జరిగినట్టు కార్డులో రాసి ఉండాలి. అసలు కథంతా ఈ కార్డు దగ్గరే ఉన్నది. ఆ సంగతికి వస్తాము.

ఇన్ని ఏర్పాట్ల వల్ల ఫలితం లేదని అనలేము. 1992-93లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఆసుపత్రిలో జరిగే కాన్పులు దాదాపు మూడో వంతు మాత్రమే. మిగిలినవన్నీ మంత్రసాని చేతిలోనో, అత్తగారి చేతిలోనో జరిగిపోయేవి. 2019-21 సర్వే వచ్చేసరికి ఆసుపత్రి కాన్పులు నూటికి 96 దాటాయి. కాన్పు సంబంధమైన కారణాలతో మరణించే తల్లులు 2018-20 లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద లక్ష సజీవ జననాలకు 97 మంది కాగా, మన రాష్ట్రంలో 45 మంది. ఇది చిన్న విషయం కాదు. ఇందులో 108, 102 వాహనాల పాత్ర, ఆశా కార్యకర్తల పాత్ర, పగలనక రాత్రనక ప్రసూతి గదుల్లో నిలబడే నర్సుల పాత్ర ఉన్నది.

కాని ఈ అంకెలలో అధిక భాగం చెప్పేది నొప్పులు వచ్చిన రోజు సంగతి. ఆ ఒక్క రోజున ఎంత బీదదైనా, ఏ కొండమీద ఉన్నా, ఆసుపత్రికి చేరుతున్నది. అంతకు ముందు గడిచిన 270 రోజుల సంగతి ఏమిటి? అదే 2019-21 సర్వేలో రాష్ట్రంలో గర్భిణులలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చిన తల్లి ఒంట్లో రక్తం లేకుండా వస్తున్నది. అది కాన్పు రోజున ఇచ్చే ఉచిత భోజనంతో తీరే లోటు కాదు.

ఒక సామాన్యమైన పరిస్థితిని ఊహించి చూద్దాము. మెళియాపుట్టి వైపు పల్లెలో పుట్టిన పిల్లను విశాఖలో తాపీ పని చేసుకునే కుర్రవాడికి ఇచ్చారు. వాళ్ళు కొండవాలు పేటలో ఒక రేకుల గది అద్దెకు తీసుకున్నారు. పిల్ల నాలుగు ఇళ్ళల్లో పాచిపని ఒప్పుకున్నది. పండక్కి ఊరికి వచ్చినప్పుడు కడుపుతో ఉన్నట్టు తెలిసింది. తల్లి సంతోషించి ఆశా కార్యకర్తకు చెప్పింది. ఆమె ఉపకేంద్రానికి తీసుకుపోయి పేరు రాయించింది. కార్డు ఇచ్చారు, టీడీ సూది వేశారు, మాత్రలు ఇచ్చారు. అంతా సక్రమంగానే జరిగింది. పండుగ అయింది. పిల్ల పట్నం బస్సు ఎక్కింది. కార్డు పాడైపోతుందని తల్లి దాన్ని ట్రంకు పెట్టెలో బట్టల అడుగున భద్రంగా దాచింది!

పట్నంలో ఏం జరిగింది? పేటలో సర్వేకి వచ్చిన ఏఎన్ఎం పగటి పూట వచ్చింది. ఆ వేళకు పిల్ల ఎవరింట్లోనో గిన్నెలు తోముతున్నది. తలుపుకు తాళం ఉన్నది. రెండు నెలల తరువాత అద్దె పెంచితే వాళ్ళు పక్క పేటకు మారారు. ఆ పేటలో వేరే ఆశా, వేరే ఏఎన్ఎం. ఎవరి జాబితాలోనూ ఈ పిల్ల లేదు. పల్లెలో మాత్రం ఉన్నది. అక్కడి రిజిస్టరులో ఆమె పేరుకు ఎదురుగా "ఊళ్ళో లేదు" అని రాసి ఉన్నది. ఏడో నెలలో తల్లిదండ్రులు సారె పెట్టి పుట్టింటికి తెచ్చేదాకా, అంటే మూడో నెల నుంచి ఏడో నెల దాకా, ఆమె బరువు చూసినవారు లేరు, రక్తపోటు చూసినవారు లేరు. తీరా చూస్తే రక్తం 7 గ్రాముల దగ్గర ఉన్నది. అప్పుడు ఉపకేంద్రంలో అందరూ కలిసి ఆ పిల్లనే మందలిస్తారు.

ఇందులో ఎవరి తప్పు అని వెతికితే ఒక్కరి తప్పూ దొరకదు. పల్లె ఏఎన్ఎం తన పని తాను చేసింది. పట్నం ఏఎన్ఎం తాళం వేసిన తలుపు ముందు నిలబడి పోయింది. రెండు రిజిస్టర్లూ సక్రమంగానే ఉన్నాయి. రెంటి నడుమ ఉన్న వంద కిలోమీటర్లకు మించిన దూరంలో నాలుగు నెలలు జారిపోయాయి. చిత్రమేమిటంటే, గర్భిణి పేరు నమోదు చేయగానే కంప్యూటరులో ఆమెకు ఒక సంఖ్య పడుతుంది. ఆ సంఖ్య దేశంలో ఎక్కడికి వెళ్ళినా చెల్లుతుంది. రైలు టిక్కెట్టు పలాసలో కొని విశాఖలో దిగినట్టే, పేరు మన ఊళ్ళో రాయించి పరీక్ష అక్కడ చేయించుకోవచ్చు. ఆ సంఖ్య రాసి ఉన్న కార్డు మటుకు ట్రంకు పెట్టెలో ఉన్నది.

రెండో కాన్పుకు పరిస్థితి మరింత అధ్వాన్నం. పెద్ద పిల్లను బాలవాడిలో వేశారు, మొగుడికి వండి పెట్టేవారు లేరు, అంచేత పుట్టింటికి రావడమే ఉండదు. అక్కడ తల్లి లేదు, అప్ప లేదు. పక్కింటివాళ్ళు ఒడిశా నుంచో విజయనగరం నుంచో వచ్చినవాళ్ళు, వాళ్ళూ పనికి పోయేవాళ్ళే. పల్లెలో నెల తప్పిన సంగతి నూతి దగ్గర నలుగురికి తెలిసి, సాయంత్రానికి ఆశా కార్యకర్త చెవిన పడుతుంది. పట్నంలో గోడ అవతలి మనిషికి తెలియదు. వైద్య సదుపాయం పట్నంలోనే ఎక్కువ అనుకుంటాము. కట్టడాల లెక్కన అది నిజమే. కింగ్ జార్జి ఆసుపత్రి ఉన్నది. ఘోషా పాటించే స్త్రీల కోసమని ఒకప్పుడు వెలసి ఇప్పటికీ ఘోషా ఆసుపత్రి అనే పిలవబడుతున్న విక్టోరియా ఆసుపత్రి ఉన్నది. ఆసుపత్రి దగ్గరున్నంత మాత్రాన మనిషి దగ్గరున్నట్టు కాదని పేటల్లో తెలుస్తుంది.

ఉచితమే కదా, ఆమే వెళ్ళి చూపించుకోవచ్చు కదా అని అడిగేవారుంటారు. వెళ్ళడానికి ఎంత అవుతుందో వారు లెక్క కట్టలేదు. పాచిపనికి ఒక పూట పోకపోతే ఆ నాలుగు ఇళ్ళల్లో ఒకరు ఊరుకుంటారు, ఇద్దరు సణుగుతారు, ఒకరు ఇంకో మనిషిని చూసుకుంటారు. కడుపుతో ఉన్న సంగతి ముందే తెలిస్తే పని పోతుందన్న భయంతో ఐదో నెల దాకా దాచుకునేవారున్నారు. తాపీ పనిలో ఇటుకలు మోసే ఆడకూలీ సంగతి వేరే చెప్పనక్కరలేదు, రాని రోజుకు కూలి లేదు. ఆటోకు పోను రాను డబ్బులు, ఇంట్లో ఉన్న చంటివాణ్ణి చూసేవారికి ఏదో ఒకటి, వరుసలో నిలబడి చీటీ తీసుకునేసరికి పదకొండు, రక్తపరీక్ష ఫలితం మరునాడు, స్కానింగుకు ఇంకో రోజు. ఇలా ఒక్క పరీక్షకు మూడు రోజుల కూలి పోతుంది. ఉచిత వైద్యానికి పేదవాళ్ళు చెల్లించే రుసుము ఇది. ఏ రసీదులోనూ కనబడదు.

కనబడని రుసుములు ఇంకా ఉన్నాయి. ప్రసూతి వార్డులలో తోపుడు మంచం తోసినందుకు, బిడ్డను తెచ్చి చూపించినందుకు మామూలు అడగడం అందరికీ తెలిసిన విషయమే. మగపిల్లవాడైతే ఒక రేటు, ఆడపిల్లయితే ఇంకో రేటు. ఫలానా మందు లేదు, బయట కొనుక్కురండని చీటీ రాసి ఇవ్వడం మరొకటి. వీటన్నిటికన్నా ఎక్కువగా ఆడవాళ్ళు మనసులో పెట్టుకునేది మాట. నొప్పులు పడుతున్న మనిషిని ఏకవచనంతో కసిరి, ఎద్దేవా చేసే మాట ఒక్కటి చాలు, రెండో కాన్పుకు ఆమె ఆ గుమ్మం తొక్కదు. చుట్టుపక్కల మరో పదిమందికి చెప్పి వాళ్ళనూ తొక్కనివ్వదు. అందరు నర్సులూ అలాంటివారు కారు. ఒకరు చూసుకోవలసిన పని ముగ్గురికి సరిపడా ఉన్నప్పుడు విసుగు వస్తుందన్నదీ నిజమే. అయినా ఆ విసుగు ఎవరి మీద చూపించాలో తెలిసి ఉండాలి కదా.

ఇలా వెనక్కు తిరిగిన ఆడవాళ్ళు ఎక్కడికి పోతున్నారు? పేట మొదట్లో ఆర్ఎంపీ ఉంటాడు. రాత్రి పదింటికి కూడా తలుపు తీస్తాడు, పేరు పెట్టి పిలుస్తాడు, అప్పు పెడతాడు. ఈ మూడు గుణాలూ సర్కారు కేంద్రంలో లేవని ఒప్పుకోవలసిందే. తీరా నొప్పులు వచ్చాక అతనే దగ్గరుండి ఒక నర్సింగు హోముకు తీసుకుపోతాడు. అక్కడ కోత తప్పదంటారు. 2019-21 సర్వేలో మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రి కాన్పులలో నూటికి 63 ఆపరేషన్లే. సర్కారు ఆసుపత్రులలో నూటికి 27కు లోపు. కోత కొందరికి ప్రాణం నిలిపే మాట నిజమే. కాని ఆసుపత్రి మారితే ఆడవాళ్ళ శరీరాలు రెండింతలకు పైగా మారిపోవు కదా! ఆ బిల్లుకు కట్టిన అప్పు, కోత మానేదాకా పోయిన కూలి కలిస్తే, ఊళ్ళో ఉన్న అరెకరం తాకట్టుకు వెళుతున్నది. పట్నంలో జరిగిన కాన్పు ఖర్చు పల్లెలో భూమి మీద పడుతున్నది.

నాలుగు నెలల పాటు ఎవరూ చూడకపోతే ఏం మునిగిందన్న వాదనా లేకపోలేదు. మా అమ్మ పదిమందిని కన్నది, ఎవరు చూశారు అంటారు పెద్దవాళ్ళు. కన్న పదిమందిలో ఎంతమంది దక్కారో కూడా వాళ్ళే చెబుతారు. కాన్పులో తల్లి ప్రాణం తీసే కారణాలలో మొదటి వరుసలో ఉన్నవి రక్తస్రావం, రక్తపోటు పెరిగి వచ్చే ఫిట్లు. ఒంట్లో రక్తం 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత, 7కు తగ్గితే ప్రమాదం. రక్తం నిండుగా ఉన్న మనిషి తట్టుకునే స్రావాన్ని, 7 గ్రాముల మనిషి తట్టుకోలేదు. నాలుగో నెల నుంచి రోజుకొక ఐరన్ మాత్ర 180 రోజులు వేసుకుంటే ఇది చాలావరకు నివారించదగినదే. రక్తపోటు సంగతి ఇంకా మోసపూరితమైనది. 140 దాటినా మనిషికి ఏమీ తెలియకపోవచ్చు. కాళ్ళ వాపు నీరు పట్టిందనుకుంటారు, తలనొప్పి ఎండకనుకుంటారు. పట్టీ కట్టి చూస్తే తప్ప తెలియదు. చూడడానికి పట్టేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు ఆ పిల్లకు నాలుగు నెలల్లో దొరకలేదు.

పట్నపు పేదలకు వేరే ఏర్పాటు కావాలని ప్రభుత్వాలకు తెలియక కాదు. 2000 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మురికివాడల కోసం 74 పట్టణాల్లో 192 ఆరోగ్య కేంద్రాలు తెరిచి, స్వచ్ఛంద సంస్థలకు నిర్వహణ అప్పగించారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో మురికివాడల్లో ఉన్నవారు కోటికి పైగా తేలారు. 2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ వచ్చింది. 50,000 మందికి ఒక పట్టణ ఆరోగ్య కేంద్రం, వెయ్యి నుంచి రెండున్నర వేల మందికి ఒక ఆశా, 50 నుంచి 100 ఇళ్ళకు ఒక మహిళా ఆరోగ్య సమితి, ఆ సమితికి ఏటా 5,000 రూపాయలు. 2019లో మన రాష్ట్రంలో వార్డు సచివాలయాలు పెట్టి ఆరోగ్య కార్యదర్శులను నియమించారు. పేర్లు మారాయి, బోర్డులు మారాయి, రంగులు కూడా మారాయి.

ఆ పట్టణ ఆరోగ్య మిషన్ రూపురేఖల్లో ఒక మంచి మాట ఉన్నది. మురికివాడ మనిషి పగలు పనికి పోతాడు కనుక, కేంద్రంలో రోగులను చూసే వేళ మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 దాకా ఉండాలని రాశారు. రాసినవారెవరో గాని పేటను కళ్ళారా చూసి రాశారు. ఈ ఒక్క మాట నిజంగా అమలైతే పాచిపని చేసుకునే పిల్ల సాయంత్రం ఐదింటికి, కూలి పోకుండా, వెళ్ళి చూపించుకుంటుంది. ఆ వేళకు అక్కడ డాక్టరు ఉంటున్నారా, తాళం ఉంటున్నదా అన్నది ఏ కార్పొరేటరైనా సాయంత్రం నడిచి వెళ్ళి చూసి రాగల విషయం. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులను డాక్టరు స్వయంగా ఉచితంగా చూసే ఏర్పాటు 2016 నుంచి ఉన్నది. అదీ పగటి వేళే. కాని నెలకు ఒక రోజే గనుక, ఆ ఒక్క పూట సెలవు ఇవ్వమని పనిచేసే ఇళ్ళవాళ్ళను అడిగితే కాదనేవారు ఎక్కువమంది ఉండరని మా నమ్మకం. అడగడానికి పిల్లకు ధైర్యం ఉండాలి, ఆ ధైర్యం ఎవరైనా చెప్పాలి.

అధికారులు చేయవలసిన పనికి కొత్త పథకం అక్కరలేదు. పల్లె రిజిస్టరులో "ఊళ్ళో లేదు" అని రాసే చోట, "ఎక్కడ ఉన్నది" అని మరో గడి గీయాలి. విశాఖలో ఏ పేట, ఏ వార్డు, ఫోను నంబరు ఎంత అన్నది తల్లిని అడిగితే చెబుతుంది. ఆ వివరం అదే వారంలో అక్కడి వార్డు ఏఎన్ఎంకు చేరాలి. ఇందుకు కంప్యూటరు ఉన్నది, లేకపోతే ఫోను ఉన్నది. పేటల్లో సర్వే నెలకు ఒక్కసారైనా ఆదివారం ఉదయమో, చీకటి పడ్డాకో జరగాలి. ఆ అదనపు వేళకు ఆశా కార్యకర్తకు అదనపు పారితోషికం ఇవ్వాలి. ఊరికే చేయమంటే ఆమెకూ ఇల్లూ పిల్లలూ ఉన్నారు. ఇక 108 వాహనం మెట్ల దాకా వస్తుంది. మెట్ల పైనుంచి కింది దాకా నొప్పులు పడుతున్న మనిషిని దింపడానికి కుర్చీయో డోలీయో పేటకు ఒకటి ఉంచడం మహిళా ఆరోగ్య సమితికి ఇచ్చే ఆ 5,000లోనే అయ్యే పని. మన్యంలో డోలీ మోతను గురించి ఏటా వార్తలు రాస్తున్నాము. నగరం నడిబొడ్డున కొండమీద ఉన్న పేటలో కూడా మనిషిని చేతుల మీద దింపుకోవలసి వస్తున్నదని రాయవలసి రావడం సిగ్గుచేటు.

అధికారులకు చెప్పడంతో మన పని తీరిపోలేదు. పల్లెల్లో ఉన్న తల్లిదండ్రులు, అత్తమామలు చేయవలసినది కొంత ఉన్నది. పిల్ల నెల తప్పిందని ఫోనులో చెప్పిన రోజునే, అక్కడ పేరు రాయించుకున్నావా అని అడగాలి. పన్నెండు వారాల లోపున ఒకసారి, తరువాత కనీసం మూడుసార్లు పరీక్ష జరగాలి. అల్లుణ్ణి అడగడానికి మొహమాటపడతారు. మొహమాటం అక్కరలేదు. పెళ్ళిలో బండి అడగడానికి అతను మొహమాటపడలేదు కదా! అల్లుడు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు రాయించుకుంటే భార్య పురిటికి అక్కడ కూడా ఏమైనా సాయం ఉన్నదేమో కనుక్కోమని అతనికి గుర్తు చేయాలి.

మాత్రల విషయంలో రెండు మాటలు. ఐరన్ మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది. అది చూసి భయపడి చాలామంది మానేస్తున్నారు. భయం లేదు, అది మాత్ర రంగే. టీతోనో పాలతోనో వేసుకుంటే ఒంటికి పట్టదు. కాల్షియం మాత్ర కూడా ఇస్తారు, ఆ రెంటినీ కలిపి వేసుకోకూడదు. మాత్రలు తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని మన పెద్ద ముత్తైదువలు కొందరు చెబుతుంటారు. వారి అనుభవం మీద గౌరవం ఉంచుకుంటూనే, ఈ ఒక్క విషయంలో వారి మాట వినవద్దని చెప్పక తప్పదు. బాలింత పథ్యం పేరుతో నెల రోజులు కారం అన్నం, వేయించిన వెల్లుల్లి తప్ప మరేమీ పెట్టని ఇళ్ళు ఉన్నాయి. ఒంట్లో రక్తం లేక పురుడు పోసుకున్న పిల్లకు కూర, పప్పు, గుడ్డు ఆపడం ఏ శాస్త్రంలోనూ లేదు. మాత్రలు కాన్పు అయ్యాక కూడా ఆరు నెలలు వేసుకోవలసినవే.

తల తిరిగేంత తలనొప్పి, కళ్ళు మసకబారడం, మొహం చేతులు వాచడం, ఏ కొంచెమైనా రక్తం కనబడడం, ఉమ్మనీరు పోవడం, కడుపులో బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. పేటలో అయితే 108కు ఫోను చేయాలి. ఫోనులో చిరునామా చెప్పడమే పెద్ద సమస్య. "నీళ్ళ ట్యాంకు పక్క మెట్లు" అంటే డ్రైవరుకు తెలియదు. వాహనం ఎక్కడ ఆగుతుందో ఆ చోటు పేరు, పక్కన ఉన్న దుకాణం పేరు ముందుగానే కార్డు వెనుక రాసి పెట్టుకోవడం మంచిది.

పురుడు మన ఇంట్లో జరిగిన పిల్ల మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో తిరిగి పట్నం వెళుతుంది. ఆ ప్రయాణంలోనే మళ్ళీ జారిపోవడం జరుగుతుంది. బిడ్డకు ఆరు, పది వారాల టీకాలు ఇక్కడ ఉపకేంద్రంలో పడతాయి. పద్నాలుగో వారానిది కొందరికి, తొమ్మిదో నెలదైతే దాదాపు అందరికీ, అక్కడ పడాలి. అక్కడివారు కార్డు అడుగుతారు. మంచి రోజు చూసి పిల్లను పంపేటప్పుడు అరిసెలు, పిల్లవాడి ఉయ్యాల గుడ్డలు, నూనె సీసా, అప్పడాలు సర్దుతారు. కార్డును వాటి అడుగున పెట్టవద్దు. పేట చేరి మూట విప్పి సర్దుకునేసరికి టీకా రోజు దాటిపోతుంది. పిల్ల చేతి సంచిలో, బస్సు టిక్కెట్టు పెట్టుకునే అరలో పెట్టి పంపండి.